కణములు విడుచు మాంసకృత్తులు – వ్యాధుల ఆనవాళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సందర్భమున విజ్ఞానశాస్త్ర విషయమేదైన చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు మొదట సంకోచించితిని. నేను వక్తను గాను. విజయవాడలో గవర్నర్‌పేటయందు ముప్పది సంవత్సరములుగా రక్తపరీక్షలు చేయు వృత్తిలో నున్నవాడను. నా సంభాషణ యంతయు గాజుగొట్టములతోనే. కాని 1914వ సంవత్సరమున ఆ పట్టణములోనే, చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతను, ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. చదువరానివారికి చదివి వినిపించుటయు గ్రంథాలయము చేయవలసిన పనియేయని ఆ ఉద్యమములోని పెద్దలు తలచిరి. ఆ మాట జ్ఞప్తికి వచ్చి, నాకు చదువ వచ్చిన చీటి యొకటి కలదు, దానిని మీకు చదివి వినిపించెదనని ఒప్పుకొంటిని.

ఆ చీటి మీరందరు చూచినదే. మీ గ్రామమునుండి వారమునకు ఇద్దరు ముగ్గురైనను మా వీధికి వచ్చుచుందురు. వైద్యులు వ్రాసి యిచ్చిన కాగితము తెత్తురు, రక్తమిత్తురు, సాయంకాలమునకు మేమొక చీటి యిత్తుము. దానిలో నొక ఆంగ్లపు పేరు, దాని కెదురుగా నొక అంకె యుండును. చీటి మడచి జేబులో పెట్టుకొని, అంకె పెద్దదైన భయముతోను, చిన్నదైన సంతోషముతోను బస్సెక్కుదురు. ఆ అంకె ఎక్కడనుండి వచ్చినది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఇదియే నేటి నా విషయము.

పన్నెండేండ్ల క్రిందటి సంగతి యొకటి ముందుగా చెప్పవలయును. దివిసీమ వైపు గ్రామమునుండి ఇరువదిరెండేండ్ల కోడలిని వెంటబెట్టుకొని యొక అత్తగారు మా పరీక్షశాలకు వచ్చినది. ఆ పిల్లకు ముత్యాల గర్భము వచ్చినది. అనగా గర్భమున శిశువు సరిగా ఏర్పడక, మాయ మాత్రము నీటిబుడగల గుత్తివలె పెరిగిపోవుట. వైద్యురాలు దానిని తీసివేసి, రక్తములో హెచ్.సి.జి. అను పదార్థమెంత యున్నదో వారమువారము పరీక్ష చేయించుకొనుమని వ్రాసియిచ్చినది. మొదటి చీటిలో అంకె 1,00,000 మించి యుండెను. వారములు గడచినకొలది తగ్గి, తగ్గి, 40కి వచ్చెను. ఆనాడు అత్తగారు నన్నడిగిన మాట నాకిప్పటికిని వినబడుచునే యుండును.

"లక్ష నుంచి నలభైకి దిగిందంటే తగ్గినట్టేగా బాబుగారూ? నాట్లు మొదలైనాయండీ. వారం వారం బస్సెక్కి రావాలంటే మావల్ల కావట్లేదు."

"డాక్టరమ్మగారిని అడగండమ్మా" అని చెప్పి చీటి చేతికిచ్చి, తరువాతివారిని పిలిచితిని. అంతే. మరుసటి వారము వారు రాలేదు. ఆ పై వారమును రాలేదు. మిగిలిన కథ తరువాత చెప్పెదను. ముందు ఆ 40 అను అంకె సంగతి.

మన దేహము కోట్లాది కణములతో నిర్మితమైనదని పాఠశాలలో పిల్లలు చదువుచున్నారు. ప్రతి కణమును మాంసకృత్తులను తయారుచేయుచుండును. వీనినే ఆంగ్లమున ప్రోటీనులందురు. కందిపప్పులో నున్నవి, కోడిగ్రుడ్డులో నున్నవి కూడ ఇవియే గదాయని మీరనవచ్చును; నిజమే, జాతి యొక్కటియే. కాని దేహములో వీని రకములు వేలకొలది యుండి, ఒక్కొక్కటి యొక్కొక్క పని చేయును. కణము తన యింటి యవసరమునకు కొన్నింటిని అట్టిపెట్టుకొని, మరి కొన్నింటిని వెలుపలికి విడుచును. క్లోమమునందలి కొన్ని కణములు ఇన్సులినును విడుచును. కాలేయపు కణములు ఆల్బుమిన్ అను దానిని రక్తములోనికి నిరంతరము పంపుచుండును. బయటికి పోవలసిన మాంసకృత్తునకు చిరునామావంటి చిన్న తలకట్టొకటి యుండుననియు, అది చూచియే కణము దానిని వెలుపలి దారి పట్టించుననియు గుంటర్ బ్లోబెల్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించి 1999లో నోబెల్ బహుమానము పొందెను. ఉత్తరమునకు చిరునామా ముందు వ్రాసి, సంగతి తరువాత వ్రాసినట్లు.

వ్యాధి కలిగిన కణము విడుచునదియు మారిపోవును. కొన్నింటిని ఎక్కువగా విడుచును, విడువరానివానిని విడుచును, ఆరోగ్యకాలమున ఎన్నడో మానివేసినవానిని మరల విడువ నారంభించును. లండను నగరములో 1845వ సంవత్సరమున హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్యుని యొద్దకు ఎముకల బాధతో నున్న యొక రోగి మూత్రము పరీక్షకు వచ్చినది. దానిలో నొక వింత మాంసకృత్తు కనబడెను. అది ఎముకలలోని మూలుగయందు పెరుగు క్యాన్సరుకణములు విడుచునదని చాలకాలమునకు గాని తెలియలేదు. కణము తన గుట్టును తానే బయటపెట్టుకొనునని తెలుపు దృష్టాంతములలో నిది తొలినాటిది.

అయినచో రక్తము తీసి వెదకిన చాలును గదా? ఇక్కడనే చిక్కున్నది. రైతులు కనుక మీకు మీ భాషలోనే చెప్పెదను. వందలాది చేలనుండి దిగిన నీరు బుడమేటిలో పడి కొల్లేరు చేరుచున్నది. కొల్లేటి యొడ్డున చెంబెడు నీరు ముంచి, ఏ చేలో ఏ మందు చల్లినారో చెప్పుమనిన ఎవరు చెప్పగలరు? రక్తము కొల్లేరువంటిది. రక్తరసములోని మాంసకృత్తులలో ఇంచుమించు సగము ఆల్బుమిన్ ఒక్కటియే. దానితో కలిపి ఇరువదిరెండు రకములు చేరినచో నూటికి 99 వంతులు సరిపోవును. మనము వెదకు వ్యాధిలక్షణము మిగిలిన ఆ ఒక్క వంతులో, వేలాది యితరములతో కలిసి, ఎక్కడనో అణగియుండును.

తెలివిగల రైతు ఏమి చేయును? అనుమానమున్న చేనికి నాలుగువైపుల గట్టు కట్టి, తూము మూసి, కొంత నీరు నిలువనిచ్చి, ఆ నీటిని పరీక్షింపజేయును. ఆ నీటిలో కనబడినది ఆ చేనిదే యగును. శాస్త్రజ్ఞులు చేసినదియు సరిగా నిదియే. దేహమునుండి యొక జాతి కణములను వేరుచేసి, సీసాలో పోషకద్రవము పోసి, దేహపు వేడిమియైన 37 డిగ్రీలలో పెంచి, ఆ ద్రవములో అవి విడిచినవానిని వెదకుదురు. అమెరికాలో రాస్ హారిసన్ 1907లో కప్పపిండపు నరముల కణములను దేహము వెలుపల బ్రతికించి చూపినది ఈ విద్యకు నాంది.

ఇప్పుడు మన హెచ్.సి.జి. దగ్గరకు వత్తము. 1920ల చివర జర్మనీలో ఆష్‌హైం, జోండెక్ అను వారిద్దరు గర్భిణీస్త్రీల మూత్రములో నొక పదార్థమున్నదనియు, దానిని చిట్టెలుకలకు ఎక్కించినచో వాని అండాశయములలో మార్పు వచ్చుననియు కనిపెట్టిరి. నేడు మందుల షాపులో కొనుచున్న గర్భనిర్ధారణ పట్టీ గుర్తించునది ఈ పదార్థమునే. అయితే అది ఎక్కడ పుట్టుచున్నది? మెదడు క్రిందనున్న పిట్యుటరీ గ్రంథిలో పుట్టుచున్నదని వారు తలచిరి. పెద్దలు చెప్పిన మాట గనుక పలువురు నమ్మిరి.

ఇది పండితుల వాదమేగదా, ఎక్కడ పుట్టిన మనకేమి యని తోచవచ్చును. చాల నున్నది. అది తలలోని గ్రంథిలో పుట్టునదైనచో, దాని అంకె చూచి గర్భాశయములో నేమి మిగిలియున్నదో చెప్పుటకు వీలుపడదు. మాయకణములలోనే పుట్టునదైనచో, ఆ అంకెయే దేహములో మిగిలిన మాయకణముల లెక్క యగును.

ఈ ప్రశ్నను తేల్చినది సీసాలోని ద్రవమే. బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ వైద్యసంస్థయందు జార్జి గే అను నతడు కణములను పెంచు విద్యలో ఆరితేరినవాడు. జార్జియానా సీగర్ అను యువతి అతనితో కలిసి పనిచేసెను. మాయనుండి తీసిన కణములను వారు సీసాలలో పెంచి, ఆ ద్రవమును పరీక్షించిరి. ఆ సీసాలో పిట్యుటరీ గ్రంథి లేదు. ఉన్నవి మాయకణములు మాత్రమే. అయినను ఆ ద్రవములో పైన చెప్పిన పదార్థమే కనబడెను. 1938లో వారీ సంగతి ప్రకటించిరి. ఇంత చిన్న ప్రయోగము ఇంత పెద్ద సందేహమును తీర్చినందులకు నాకు నేటికిని ఆశ్చర్యమే.

ఈ జార్జి గే పేరు మరియొక కారణముచేత లోకప్రసిద్ధము. 1951లో హెన్రియెట్టా లాక్స్ అను పేద నీగ్రోజాతి స్త్రీ గర్భాశయకంఠపు క్యాన్సరుతో ఆ యాసుపత్రిలో చేరినది. ఆమె కణితినుండి, ఆమెకు చెప్పకయే, తీసిన కణములు గే ప్రయోగశాలలో ఆగకుండ పెరిగినవి. ఆమె ఆ సంవత్సరమే మరణించినది. కణములు నేటికిని లోకమంతట ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నవి. గే వద్ద పనిచేసిన రోలండ్ పటిల్లో అను నల్లజాతి వైద్యుడు తరువాతి కాలమున ఆమె స్మృతికై యేటేట సభలు నెలకొల్పి, 2010లో ఆమె సమాధికి శిలాఫలకము వేయించెను. అంతవరకు ఆ సమాధిపై పేరు లేదు. ఈ విద్యకు మూలమైన మనుష్యులను మరువరాదని ఈ మాట చెప్పితిని. పటిల్లో, గే కలిసి 1968లో మాయకణముల క్యాన్సరునుండి నిలుకడగా పెరుగు కణజాతి నొకదానిని సిద్ధపరచిరి. అదియు సీసాలో హెచ్.సి.జి.ని విడుచుచునే యున్నది.

మాయకణముల క్యాన్సరంటిని. ముత్యాల గర్భము తీసివేసిన పిమ్మట కొందరిలో కొన్ని కణములు మిగిలి, మరల పెరిగి, ఊపిరితిత్తులకును మెదడునకును ప్రాకును. 1950లకు పూర్వము అట్లు ప్రాకిన వ్యాధికి మందు లేదు. స్త్రీలు కొలది మాసములలోనే మరణించెడివారు. దానికి మందు లభించుటలో మన డెల్టా సీమవారి హస్తమున్నది.

కొల్లేటి కావలనున్న భీమవరములో 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. వారి సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధితో కొలది దినముల వ్యవధిలో మరణించిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికా వెళ్లి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధనలకు నాయకులైరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ వ్యాధికి మందైనది. కణము విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. అయినచో దానిని పోలిన నకిలీ పదార్థమును చేసి కణమునకిచ్చిన నేమగును? కణము అసలుదనుకొని పట్టుకొని, పని సాగక, నిలిచిపోవును. వేగముగా పెరుగు క్యాన్సరుకణములు ముందుగా దెబ్బతినును. ఆ బృందము చేసిన అట్టి నకిలీలలో మెథోట్రెక్సేటు అనునది యొకటి. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో మరణించిరి. తమ మందు ఏ వ్యాధిని పూర్తిగా జయింపనున్నదో వారు చూడలేదు.

దానిని చూచినవాడు మిన్ చ్యూ లీ అను చైనాదేశపు వైద్యుడు. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో 1956 ఆగస్టునందు, మాయకణముల క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకి చావుబ్రతుకులలో నున్న యొక స్త్రీకి అతడు మెథోట్రెక్సేటు నిచ్చెను. కొన్ని విడతలకు ఎక్స్‌రే చిత్రములో కణితులు మాయమైనవి. అందరును సంతసించిరి. లీ సంతసింపలేదు. మూత్రములో హెచ్.సి.జి. ఇంకను కొంచెము కనబడుచుండెను. చిత్రములో ఏమియు లేదు, రోగి లేచి తిరుగుచున్నది. అయినను అంకె సున్నకు రాలేదు. ఆ పదార్థమును విడుచు కణము లెక్కడనో మిగిలియుండుట చేతనే గదా అది వచ్చుచున్నది యని అతని తర్కము. అంకె పూర్తిగా పోవువరకు మందిచ్చుచునే యుండెను. ఆ మందు సామాన్యమైనది కాదు. నోరు పూయును, రక్తకణములు తగ్గును. కంటికి కనబడని వ్యాధికి విషమువంటి మందిచ్చుచున్నాడని పైవారు కోపించి, 1957లో అతనిని సంస్థనుండి పంపివేసిరి. కాలము గడచినకొలది తేలిన దేమనగా, కణితి కనబడుట మానగానే మందాపినవారిలో వ్యాధి తిరుగబెట్టెను; అంకె పోవువరకు మందు తీసికొన్నవారు బ్రతికిరి. మందుతోనే క్యాన్సరు కణితి పూర్తిగా నయమైన దృష్టాంతములలో అది మొదటిది. 1972లో లీకి లాస్కర్ బహుమానము లభించినది.

కన్నును కాదని అంకెను నమ్ముటకు లీకి ధైర్యమిచ్చిన దేది? ఆ పదార్థము ఏ కణమునుండి వచ్చునో తెలిసియుండుట. 1938 నాటి సీసాయే.

ఇటువంటి ఆనవాలు ప్రతి వ్యాధికిని దొరకినచో ఎంత బాగుండునని నాటినుండి నేటివరకు వెదకుచున్నారు. కాలేయపు క్యాన్సరునకు ఆల్ఫా ఫీటో ప్రోటీను అను ఆనవాలును సోవియట్ శాస్త్రజ్ఞులు అబెలెవ్ 1963లో ఎలుకలయందును, తతారినోవ్ 1964లో మనుష్యులయందును కనుగొనిరి. అది గర్భస్థశిశువు కాలేయము విడుచునది. పుట్టిన పిమ్మట క్రమముగా మానును. క్యాన్సరు వచ్చినచో కణము మరల పసితనపు పనికి దిగును. అండాశయపు క్యాన్సరుకణములను సీసాలో పెంచి, వానికి ప్రతికూలమైన పదార్థమును ఎలుకలలో పుట్టించి, 1981లో రాబర్ట్ బాస్ట్ బృందము సి.ఏ.125 అను ఆనవాలును పట్టుకొన్నది.

అప్పటివరకు ఒక్కొక్కటిగా దొరకినవానిని, ఇప్పుడు సీసాలోని ద్రవమంతటిని ఒక్కసారిగా చదువు యంత్రములు వచ్చినవి. కణము విడుచు సమస్తమునకును కలిపి 2000వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు సీక్రెటోమ్ అని పేరుపెట్టిరి. తెలుగున కణస్రావసముదాయ మనవచ్చునేమో. పండితులు ఇంతకంటె మంచి మాట చెప్పిన సంతోషింతును.

ఈ పని చేయు తీరు చెప్పెదను, ఏలయన పొరపాటెక్కడ దొరలునో అప్పుడు గాని తెలియదు. సీసాలో కణములు పెరుగుటకు మామూలుగా దూడపిండపు రక్తరసమును కలుపుదురు. అందులో వేలాది మాంసకృత్తులున్నవి. ఆ ద్రవమునే పరీక్షించినచో దూడ సంగతులే తెలియును, రోగి సంగతులు తెలియవు! కనుక కణములను పలుమార్లు కడిగి, రక్తరసము లేని ద్రవములో ఒక దినము ఉంచుదురు. కాని ఆహారము తగ్గిన కణము అలమటించును. అలమటించినపుడు విడుచునవి వేరు. ఎక్కువసేపు ఉంచినచో కొన్ని చచ్చి పగులును. అప్పుడు ఇంటిలోని సామానంతయు వీధిలో పడినట్లు లోపలి మాంసకృత్తులన్నియు ద్రవములో కలియును. వానిని చూచి కణము విడిచినదని భ్రమపడినవారు లేకపోలేదు. అందుచే చచ్చిన కణములెన్నియో లెక్కించి, ద్రవమును గిరగిర త్రిప్పి మలినమును పోగొట్టి, చిక్కబరచి, మన ప్రేగులలో పనిచేయు ట్రిప్సిన్ అను జీర్ణరసముతో మాంసకృత్తులను ముక్కలు చేసి, ఆ ముక్కలను తూచుదురు. తూకమును బట్టి ముక్కను, ముక్కను బట్టి మాంసకృత్తును గుర్తింతురు.

ఇంత సూక్ష్మమైన వస్తువును తూచుటెట్లు? దానిని చెడగొట్టకుండ ఆవిరిలో తేలునట్లు చేయవలయును. జపానులో కొయిచి తనాక అను ఇంజనీరు ఈ యత్నములో నుండి, ఒకనాడు పొరపాటున గ్లిసరినును లోహపు పొడిలో పోసెను. పారవేయుట దండుగ యని దానినే వాడిచూడగా పని నెరవేరినది. 2002లో నోబెల్ బహుమానము అతనిని వరించినది. వస్తువును వృథా చేయనివానికి ఫలము దక్కినదని మా అమ్మగారు బ్రతికియున్నచో అనెడివారు.

ఇట్లు ఒక్కొక్క సీసాలో వందలాది మాంసకృత్తులు బయటపడుచున్నవి. ఆరోగ్యకణముల ద్రవముతో పోల్చి, వ్యాధికణములలోనే హెచ్చుగా నున్నవానిని ఏరుచున్నారు. పత్రికలలో ప్రతి మాసము కొత్త ఆనవాళ్ల పేర్లు వచ్చుచున్నవి. కాని సత్యము చెప్పవలెనన్న, వానిలో రోగి రక్తముదాక వచ్చి నిలిచి, వైద్యుని చీటిపై కెక్కినవి బహు కొలది. సీసాలోని కణము ఒంటరిది. దేహములోని కణము ఇరుగుపొరుగుతో కలిసి బ్రతుకునది. సీసాలో విడిచినదానిని దేహములో విడువకపోవచ్చును. విడిచినను కొల్లేటిలో చుక్కయై కనబడకపోవచ్చును. అన్నింటికంటె పెద్ద చిక్కు మరియొకటి: ఆ మాంసకృత్తును వ్యాధిలేని కణమును విడువవచ్చును.

ఇది మీకు ముఖ్యము గనుక రెండు మాటలు చెప్పెదను. ఇటీవల పట్టణములలో క్యాన్సరు ఆనవాళ్ల పరీక్షలన్నియు ఒక కట్టగా కట్టి, పండుగ తగ్గింపు ధరలకు, ఏ జబ్బు లేనివారికి కూడ చేయుచున్నారు. నా వృత్తికి లాభమైనను ఇది నాకు సమ్మతము గాదు. సి.ఏ.125 అండాశయపు క్యాన్సరులో పెరుగును; నిజమే. బహిష్టు దినములలోను కొంత పెరుగును. మన దేశములో విరివిగా నున్న క్షయవ్యాధి కడుపునకు సోకినపుడును పెరుగును. కడుపు ఉబ్బి, అంకె పెరిగి, క్యాన్సరని కుటుంబమంతయు గుండెలు బాదుకొనిన పిమ్మట, ముక్క తీసి పరీక్షించగా క్షయ యని తేలి, ఆరు మాసముల మందులతో లేచి తిరిగిన వారిని నేనెరుగుదును. యునైటెడ్ కింగ్డములో రెండు లక్షలకు పైగా స్త్రీలపై ఏండ్లతరబడి పరిశీలన జరిపి, 2021లో ఫలితము ప్రకటించిరి: లక్షణములు లేనివారికి ఈ పరీక్ష చేయించుటవలన అండాశయ క్యాన్సరు మరణములు తగ్గలేదు. ఆల్ఫా ఫీటో ప్రోటీను సంగతియు నంతియే. కాలేయమునకు వాపు వచ్చినను పెరుగును. కాని హెపటైటిస్ బి వలన కాలేయము గట్టిపడినవారిలో, కడుపు స్కానింగుతో కలిపి చూచినపుడు దానికి విలువ కలదు. ఒకే అంకెకు ఒకరి చేతిలో అర్థముండును, మరియొకరి చేతిలో నుండదు. వైద్యుని విచారింపక చీటి చదువరాదు.

ఇక దివిసీమ పిల్ల కథ ముగించెదను.

సంపూర్ణమైన ముత్యాల గర్భములలో నూటికి 15 నుండి 20 మందిలో కణములు మిగిలి మరల పెరుగును. ఆ నలువది యను అంకె మంచి అంకె కాదు, చెడ్డ అంకెయు కాదు, దిగుచున్న మెట్టు. 5కు లోపుగా దిగి, అక్కడ నిలిచి, వైద్యులు చెప్పినన్ని మాసములు నిలిచియుండిన గాని పని ముగిసినట్లు గాదు. ఈ మాట నేను ఆ అత్తగారితో చెప్పి యుండవలసినది. వైద్యుడను గాను, నాకెందుకని ఊరకుంటిని.

ఏడు మాసములకు వారు మరల వచ్చిరి. ఈ మధ్య బహిష్టు తప్పగా, మందుల షాపులో పట్టీ కొని చూచుకొనిరట. రెండు గీతలు కనబడెను. ఇంటిల్లిపాది సంతోషించి, దేవునికి కొబ్బరికాయ కొట్టిరి. నెల తిరుగకుండ పిల్లకు దగ్గు పట్టుకొని, కళ్లెలో రక్తము పడినది. పట్టీకి తెలిసినది హెచ్.సి.జి. ఒక్కటియే. అది కడుపులోని బిడ్డ మాయ విడిచినదో, ఊపిరితిత్తులలో చేరిన పాత కణములు విడిచినదో పట్టీ ఎట్లు చెప్పును? స్కానింగులో గర్భము లేదు. ఎక్స్‌రేలో మచ్చలున్నవి. నా చీటిలో అంకె మరల లక్ష దాటినది.

వైద్యులు మెథోట్రెక్సేటుతోపాటు మరికొన్ని మందులు కలిపి విడతలు విడతలుగా ఇచ్చిరి. జుట్టు రాలినది, నోరు పూచినది. ప్రతి వారమును నేనే రక్తము తీసితిని. ఈసారి అంకె దిగినపుడెల్ల చీటి వెనుక తెలుగులో వ్రాసితిని: "ఇంకా అయిపోలేదు. వచ్చే సోమవారం రావాలి." అంకె 5కు దిగిన నాడు అత్తగారు నా ముఖమువైపు చూచినది.

"ఇప్పుడైనా అయిపోయినట్టేనా బాబుగారూ?"

"లేదమ్మా. ఇంకా మూడు విడతలు ఇస్తారట డాక్టరమ్మగారు. కనపడనివి మిగిలుంటాయని."

ఆమె మారు మాటాడక తల యూపినది. చివరి పరీక్షకు వచ్చునాటికి, ఆ చీటీలన్నింటిని గోనెసంచి దారముతో పుస్తకమువలె కుట్టి తెచ్చినది. మీ గ్రంథాలయములో నెన్ని పుస్తకములున్నవో నేనెరుగను. నేను చదివినవానిలో దానిని మించినది లేదు. రెండేండ్లకు, వైద్యురాలి అనుమతితోనే, ఆ పిల్లకు గర్భము వచ్చినది. అంకె పెరుగుచున్నదని చీటి వ్రాయునపుడు నా చేయి వణకినమాట నిజము. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకొనుట చూచినారని కబురు వచ్చినదాక నాకు నిద్రలేదు. ఆ పిల్లవాడిప్పుడు మూడవ తరగతి చదువుచున్నాడు.

ముత్యాల గర్భమయి తీసివేయించుకొన్నవారు ఈ గ్రామములోనో, మీ చుట్టములలోనో ఉన్నచో, వారి చీటీలు ఎంతవరకు వచ్చి ఆగినవో రేపు ఒక్కసారి కనుగొనుడు. పాత చీటీలు తెచ్చుకొనినవారెవరైన ఈ సభలో నున్నచో నాకు చూపవచ్చును. విజయవాడకు చివరి బస్సు తొమ్మిదిన్నరకని కార్యదర్శిగారు చెప్పినారు, అంతవరకు వరండాలోని బల్లదగ్గర కూర్చుండియుందును.